అంతిమ రథానికి ఊపిరి

ఏడుస్తూనే ఉండి ఉంటారు, మనకు వినబడడం లేదంతే. మనిషి పోయాక ఏడవకుండా ఎట్లా ఉంటారు? సైలెన్సరు చప్పుడు కింద ఏడుపు ఉండే ఉంటుంది, ఏటి నీళ్ళ కింద రాయి ఉన్నట్టు. కనబడనంత మాత్రాన రాయి లేదని కాదు గదా... అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ వరదయ్య అంతిమ రథాన్ని, నిన్న పోయిన కుప్పుస్వామి ఇంటి ముందు ఆపాడు.

వరదయ్య మితభాషి. వెనక పడుకుని ప్రయాణించేవాళ్ళు అంతకన్నా మితభాషులు కావడం వల్ల చిత్తూరులో శవాల బండి నడిపే పని అతనికి బాగా నప్పింది. మాట్లాడే పని లేని మనిషికి ఆలోచనలు ఎక్కువ. ఈమధ్య అన్ని ఆలోచనలూ ఆ ఏడుపు దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి.

బండి సాధించిన ప్రగతిని ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. శ్మశానం ఊరి బయట మిట్ట మీద ఉంది. పాత రోజుల్లో మిట్ట ఎక్కేటప్పుడు బండి దగ్గేది, పొగ కక్కేది, చివరికి ఆగేది. బంధువులు తోసేవాళ్ళు. ఒకసారి అట్లా తోస్తూ తోస్తూ ఒక మేనమామకు ఆయాసం వచ్చి, తిరుగు ప్రయాణంలో ఆయన్ను కూడా అదే బండిలో పడుకోబెట్టి తేవలసి వచ్చింది. ఆస్పత్రికే లెండి.

ఆ తర్వాత వరదయ్య బండిని మెకానిక్ షానవాజ్ దగ్గరికి తోలుకుపోయాడు. షానవాజ్ బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా కాసేపు విన్నాడు.

"వరదన్నా, నీ బండికి జబ్బేమీ లేదు. ఊపిరాడతా లేదు, అంతే. లోపలికి గాలి సాలదు, బయటికి పొగ పోదు. ముక్కూ నోరూ మూసి మిట్టెక్కమంటే నువ్వెక్కుతావా?"

వరదయ్య ఎక్కలేనని ఒప్పుకున్నాడు.

షానవాజ్ పాత ఎయిర్ ఫిల్టరు డబ్బాను పీకి పారేశాడు. కొత్త ఫిల్టరు బిగించి, ఇంజను వేడి తగలని చల్లగాలి కావాలని దాని గొట్టాన్ని ముందు బంపరు దాకా తెచ్చి, మూతిని వీధిలోకి తెరిచిపెట్టాడు. "పురుగూ పుట్రా పోకుండా దీనికి జాలీ పెట్టొద్దా అప్పా?" అని వరదయ్య అడిగితే, "ముక్కుకు జాలీ పెట్టుకొని తిరుగుతామా అన్నా?" అన్నాడు. వెనక సైలెన్సరు లోపలి అడ్డాలన్నీ తీసేసి ఒకే తిన్నని లావుపాటి గొట్టం వెల్డింగు చేశాడు. ఆ విధంగా, ఊపిరి ఆగినవాళ్ళను మోసే బండికి ఊపిరి ఆడింది.

తొలి ప్రయాణంలోనే ఫలితం తెలిసింది. బండి మిట్టను ఒక్క ఊపులో ఎక్కేసింది. శవం ముందు చేరింది, బంధువులు తర్వాత ఆటోలు మాట్లాడుకుని వెతుక్కుంటూ వచ్చారు. బతికినన్నాళ్ళూ ఆఫీసుకు ఒక్కరోజు కూడా వేళకు పోని మనిషి, చివరికి అందరికన్నా ముందు చేరాడని ఆయన పై అధికారి కళ్ళు తుడుచుకున్నాడు.

అసలు మహిమ వెనక గొట్టంలో ఉంది. యాక్సిలరేటరు తొక్కి వదిలితే అది టపటపా పేలేది. అప్పటికే ఒక ఊరేగింపులో టపాకాయ ఎగిరి షామియానాకు అంటుకోవడంతో వీధులవాళ్ళు టపాకాయలు వద్దన్నారు. పలక డప్పులు కొట్టేవాళ్ళు నాయకుల స్వాగతాలతో తీరిక లేకుండా ఉన్నారు, చచ్చినవాళ్ళ కోసం దొరకడం లేదు. సరిగ్గా అటువంటి సమయంలో పలకా టపాకాయా రెండూ తానే అయి అంతిమ రథం సమాజానికి అందుబాటులోకి వచ్చింది.

అంతిమయాత్రా వాహనదారుల సంక్షేమ సంఘం వెంటనే సభ పెట్టి వరదయ్యకు శాలువా కప్పింది. అధ్యక్షుడు గోవిందస్వామి మైకు పట్టుకుని, "శ్రీహరికోటలో రాకెట్టు పోతే దేశమంతా తలెత్తి సూస్తాది. మన చిత్తూర్లో మనిషి పోతే పక్కవీధికైనా తెలియాల్నా వద్దా? ఇన్నాళ్ళూ మనం సప్పుడు లేకుండా సస్తా వచ్చినాం. ఇది మన జాతికి అవమానం. ఆ అవమానాన్ని తుడిచిపెట్టిన మహానుభావుడు మన వరదన్న!" అన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ముందు వరసలో ఒక ముసలాయన తన సంగతి ఇప్పుడే మాట్లాడుకోవచ్చా అని అడిగాడు.

ఇక జనం రుచి మరిగారు. నిండు వయసులో పోయినవాళ్ళకు బరువైన ఉరుము, పదవిలో ఉండి పోయినవాళ్ళకు ప్రతి కూడలిలో పేలుళ్ళు అని ఆనవాయితీ ఏర్పడింది. "మా బావమరిది ఇంటి ముందర నాలుగు ఎక్కువ కొట్టన్నా, మాకూ వాళ్ళకూ మాటల్లేవు" అని చెవిలో చెప్పేవాళ్ళు. చప్పుడెక్కువైందని ఒక ట్రాఫిక్ కానిస్టేబులు ఆపడానికి ముందుకొచ్చి, బండి ఏదో చూసుకుని రెండు చేతులూ జోడించాడు. జోడించిన చేతులతో చలానా రాసే పద్ధతి ఇంకా రాలేదు.

అందరూ బాగున్నారు, ఒక్క వరదయ్య తప్ప. పాత బండిలో అతనికి ఒక అలవాటు ఉండేది. వెనకనుంచి వచ్చే ఏడుపును బట్టే బండిని నడిపేవాడు. ఏడుపు హెచ్చితే నెమ్మది చేసేవాడు, తగ్గితే కదిలించేవాడు. ఇప్పుడు ఏడుపు వినబడడం లేదు. చచ్చినవాళ్ళకు చివరిగా దక్కేది ఆ కాస్త ఏడుపే గదా, దాన్ని నా గొట్టం మింగేస్తోందేమో అని కుమిలిపోయేవాడు. తిరిగి పాత సైలెన్సరు పెట్టించుకుందామని షానవాజ్ గ్యారేజీ దాకా పోయేవాడు. చెప్పలేక టీ తాగి వచ్చేసేవాడు.

కుప్పుస్వామి భార్య సిద్ధమ్మ, బండికి బంతిపూలు కడుతున్నవాళ్ళను దాటుకుని డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చింది.

"నాయనా, ఆడోళ్ళం శ్మశానం దాకా రాకుండా వీధి మొగనే నిలబడిపోతాం గదా. ఆడ నీ బండిని బాగా అరిపించు. ఆయనకు రెండు మాటలు సెప్పాల. జనం ఇనగూడదు."

"ఏడుస్తావా పెద్దమ్మా?"

"ఏడుపుకు దాపెందుకబ్బా? ఏడుపు అందరి ముందరా ఏడ్సొచ్చు. ఇది తిట్టు." ఆమె గొంతు తగ్గించింది. "పెండ్లయిన కాడ్నించీ నేను నోరు తెరిస్తే 'ఉండవే, వార్తలొస్తాండాయి' అనేవాడు. ముందు రేడియో, ఆమీట టీవీ, ఆమీట సెల్లు. ఆ వార్తలు నిన్ననే అయిపోయినాయి."

వరదయ్య సరేనని తలూపాడు. పనిలో చేరాక అతను ఒకరికి ఇచ్చిన మాట ఇదొక్కటే.

ఊరేగింపు బయలుదేరింది. కొడుకులిద్దరూ పరువుగల మనుషులు. నలుగురూ గుప్పిళ్ళతో చల్లే బొరుగుల్ని, అదే మరమరాల్ని, వాళ్ళు గంపలతో తెప్పించారు. బండి ముందు నిలబడి, ఫోటోలో పడేట్టు, వెనక్కి తిరిగి బంపరు మీదికే గుమ్మరించారు. బంపరు దగ్గర మూతి తెరుచుకుని చల్లగాలికోసం ఎదురుచూస్తున్న గొట్టం బొరుగుల్నీ, బంతి రేకుల్నీ ఆత్రంగా పీల్చుకుంది. సరిగ్గా వీధి మొగన, సిద్ధమ్మ నోరు తెరిచిన క్షణాన, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.



వరదయ్య వెనక్కి చెవి ఒగ్గాడు. ఇన్నాళ్ళకు ఆ ఏడుపు వినబడబోతోంది.

"...దినాల రోజు కోడికూర పెడతారంటావా, యాటకూరా?"

"యాటే లేప్పా. పెద్దోడు అల్లుడి ముందర తగ్గడు."

ఎవరి ఫోనులోనో పెళ్ళి పాట మోగుతోంది. ఒకావిడ వదినెగారి చీర ఎక్కడ కొన్నదీ అడుగుతోంది. తమ గొంతులు తమకే వినబడగానే అందరూ టక్కున ఆగిపోయారు. పెద్దకొడుకు తేరుకుని "నాయనా..." అని ఎత్తుకున్నాడు. చాలాకాలంగా వాడకపోవడం వల్ల అది ఎక్కిళ్ళలాగ వచ్చి ఆగిపోయింది. సిద్ధమ్మ చుట్టూ చూసి, అలవాటు చొప్పున నోరు మూసుకుంది, ఎవరో వార్తలొస్తున్నాయి అన్నట్టు.

అంటే గొట్టం ఎవరి ఏడుపునూ మింగలేదు. నీళ్ళ కింద రాయి లేనే లేదు. వరదయ్యకు గుండె తేలికైందో బరువెక్కిందో అతనికే తెలియలేదు.

పెద్దకొడుకు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, సప్పుడు పెట్టన్నా! పరువు పోతాండాది!"

వరదయ్య దిగి, గొట్టం ఊడదీసి, నేలకేసి కొట్టాడు. దోసెళ్ళకొద్దీ బొరుగులు రాలాయి. బిగించి వచ్చి కూర్చుని తాళం తిప్పాడు. బండి ఉరిమింది. వీధి మొత్తానికి ప్రాణం లేచొచ్చింది.

అద్దంలో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు యాట సంగతి తేల్చుకుంటున్నారో అద్దం చెప్పలేదు. సిద్ధమ్మ బండి పక్కకు వచ్చి, కుప్పుస్వామి ముఖం కనబడే గాజు మీద అరచెయ్యి ఆనించి, వేలు చూపిస్తూ మొదలుపెట్టింది. అది ఇప్పట్లో ముగిసేట్టు లేదు. ఆ వీధిలో మనం ఉండి ఉంటే, పాపం ఎంత ప్రేమో అని కళ్ళు తుడుచుకుని, సెల్లులో వీడియో తీసుకుని ఉండేవాళ్ళం. చాలామంది తీశారు కూడా.

పదమని ముందునుంచి కొడుకులు చేతులూపారు. వరదయ్య హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు న్యూట్రల్‌లోకి వేసి, యాక్సిలరేటరును నేలకు తగిలేదాకా తొక్కిపట్టాడు.