డిస్ట్రాయ్ చేసిన కుర్చీ

నేరస్తుడు పుట్టకముందే వాడి అడుగుజాడ కనిపెట్టగల మేధావి తానేనని మా బావమరిది ఆ ఉదయం, సరిగ్గా గిరాకీ వేళ, నా దుకాణంలో నిలబడి ప్రకటించాడు. బిరుదు కూడా తనే ఇచ్చుకున్నాడు: డేగకన్ను. ఆ కన్ను ముందురోజే మా గాజుతలుపును చూడక నుదుటికి బొప్పి కట్టించింది. అయినా ఇంటావిడ తమ్ముడు. సరుకైతే బదులు కొత్తది తెప్పించుకునేవాణ్ణి.

నాది ప్లాస్టిక్ కుర్చీల ఏజెన్సీ. పగుళ్లున్న కుర్చీ వస్తే కంపెనీ వెనక్కి తీసుకోదు, రవాణా దండగ. ‘డిస్ట్రాయ్ చేసి ఫోటో పంపు’ అంటుంది. నిఘంటువులో ఆ మాటకు సర్వనాశనం అని ఉందేమో, మా వ్యాపారంలో మాత్రం ఒక కాలు కోసెయ్యడం. కాలు కోసి, ఫోటో తీసి, వెనకసందులో పడేస్తే బదులు కొత్త కుర్చీ వస్తుంది. ఏళ్లుగా ఇదే పద్ధతి.

ఆ పూట కంపెనీ ఆఫీసరు ముఖం ముడుచుకుని వచ్చాడు. నేను డిస్ట్రాయ్ చేసిన కుర్చీలో, దుకాణం ముద్ర కనిపిస్తూనే ఉండగా, ఎదురుగా టీకొట్టులో ఎవరో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారట.

“కాలు కోశారో లేదో నాకనవసరం అండీ. జనం కూర్చోగలుగుతున్నారంటే అది డిస్ట్రాయ్ కానట్టే. సాయంత్రానికి తేల్చకపోతే ఏజెన్సీ ఇంకొకరికి రాసేస్తాను” అన్నాడు.

ఇల్లు గడిచేదే ఆ ఏజెన్సీ మీద. బావమరిది ముఖం మాత్రం వెలిగిపోయింది.

“బావా, ఇది మామూలు కేసు కాదు. చచ్చిన కుర్చీల్ని లేపే ముఠా పని.”

“ముఠా ఏంట్రా? టీకొట్టాయన సందులోంచి ఏరుకుపోయుంటాడు.”

“నువ్వు లాభనష్టాలు చూస్తావు. నేను రక్తపు మరకలు చూస్తాను.”

“కుర్చీకి రక్తమేంట్రా?”

“అసలు అనుమానమంతా అక్కడే.”

మండుటెండలో నా రెయిన్‌కోటు తొడుక్కుని దర్యాప్తుకు బయలుదేరాడు. ఏ కాలు ఏ కుర్చీదో పోల్చి చూస్తానని, కోసిన కాళ్లన్నీ గోనెసంచిలో వేసుకుపోయాడు. సంచిలోంచి పొడుచుకొచ్చిన ఆ కాళ్లను చూసి వీధికుక్కలు వెంటపడ్డాయి. తిరిగొచ్చి, తనను తరిమింది నాకు పోటీగా ఉన్న ఇనప కుర్చీల వర్తకుడి మనుషులని తేల్చి చెప్పాడు.

సాయంత్రం ఆఫీసరునూ నన్నూ టీకొట్టుకు రమ్మన్నాడు. అక్కడ నా కుర్చీకి తెగిన కాలి చోట ఒక కర్ర ఆనించి ఉంది. డేగకన్ను మోకాళ్ల మీద వంగి దాన్ని చూసి, “నేరానికి వాడిన ఆయుధం” అంటూ పీకి, చేతిరుమాల్లో చుట్టుకున్నాడు. తర్వాత గొంతు బరువు చేసి, “నేరస్తుడు ఇప్పుడు మన మధ్యే ఉన్నాడు” అని చెప్పి, పేరు బయటపెట్టే ముందు ఠీవిగా అదే కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తర్వాత మాకు కనిపించినవి రెండు చెప్పులు.

ఆఫీసరు వంగాడు. పడిన మనిషి కోసం కాదు, కుర్చీ కోసం. “మరి ఇందాకటిదాకా జనం దేని మీద కూర్చున్నట్టు?” అని అడిగాడు.

“కర్ర మీదండీ” అన్నాడు టీకొట్టాయన, గ్లాసులు కడుగుతూనే. “కుర్చీ ఊరికే పైన ఉండేది.”

ఆఫీసరు కుర్చీని నిలబెట్టి చూశాడు, అది మళ్లీ ఒరిగిపోయింది. “అయితే కుర్చీ డిస్ట్రాయ్ అయినట్టే” అని, పడినవాడితో సహా ఫోటో తీసుకున్నాడు. నా ఏజెన్సీ నిలిచింది.

బావమరిది నడుం పట్టుకుని లేస్తూ, ఇదంతా తను ముందే వేసుకున్న పథకమని చెప్పాడు. నేను నమ్మలేదు కానీ ఆఫీసరు నమ్మాడు. ఇకమీదట నేను డిస్ట్రాయ్ చేసే ప్రతి కుర్చీలోనూ ఈయన ఒకసారి కూర్చోవాలనీ, పడ్డాక ఫోటో పంపాలనీ ఆదేశించి వెళ్లాడు.

గోడౌనులో పగుళ్ల కుర్చీలు పైకప్పు దాకా ఉన్నాయి. వాటిని చూసిన డేగకన్ను జీవితంలో మొదటిసారి నిజంగా ఆలోచనలో పడ్డాడు.

“నీ మేధస్సును కంపెనీ గుర్తించిందిరా” అని నేను రంపం అందుకున్నాను.