మూడు ఒట్ల కషాయం

తొమ్మిదింటికల్లా నరసింహప్పకు మూడో రోజు మాత్రలు మింగించి, పదింటికి ఆటో ఎక్కి ముదిగుబ్బ ఆసుపత్రిలో మీటింగుకు పోవాలని ఆశా కార్యకర్త భారతి ఆ పొద్దున అనుకుంది. ఊళ్లో మలేరియా వచ్చింది ముగ్గురికి. మిగిలిన ఇద్దరూ మాత్ర పేరెత్తితే మొహం తిప్పుకునేవాళ్లు గానీ, నరసింహప్ప అలాంటివాడు కాదు. ఇక్కడ మేత లేక గొర్రెలను తోలుకుని రెండు నెలలు కాలువ గట్ల వెంట తిరిగి, జ్వరం తగిలించుకుని వచ్చిన అరవై ఏళ్ల మనిషి. నోరు తెరువంటే తెరిచేవాడు. ఒళ్లు జలదరించే చేదు మాత్రను వేరుశెనగ గింజలా నమిలి, "ఇది చేదేమీ లేదు పాపా" అనేవాడు. ఎంత గుండె ధైర్యమో అని భారతి మురిసిపోయింది. అనుమానపడాల్సింది.

మొదటి రోజే ఆమె ఆ ఇంట్లో గట్టిగా చెప్పింది. "కషాయాలు, పసర్లు తాగించినారని తెలిసిందో, మల్లా మీ గడప తొక్కను. మాత్రల మీద అవి తాగితే ఏమైతాదో ఎవురికి తెలుసు?" అందరూ బుద్ధిగా తలలూపారు. ఊపి, ఎవరి ఏర్పాట్లు వాళ్లు చేసుకున్నారు.

భార్య తిమ్మమ్మ తెల్లవారగానే నేలవేము కషాయం కాచి, "కోడలికి చెప్పొద్దు, అది పోయి భారతికి చెప్తాది" అని ఒట్టు వేయించుకుని మరీ తాగించింది. మధ్యాహ్నం కోడలు జయంతి తిప్పతీగ రసం తీసి, "అత్తకు చెప్పొద్దు మామా, తిడతాది" అని ఇంకో ఒట్టు వేయించుకుంది. సాయంత్రం తమ్ముడు నల్లప్ప గొర్రెల దొడ్డి దగ్గరికి కాకరాకు రసం తెచ్చి, "ఆడోళ్లకు చెప్పొద్దన్నా" అని మూడో ఒట్టు వేయించుకున్నాడు. ప్రేమతో తెచ్చిన దాన్ని కాదనడం నరసింహప్పకు చేతకాదు. రెండు రోజుల పాటు మూడు ఒట్లూ నిలబెట్టుకున్నాడు, మూడు గ్లాసులూ ఖాళీ చేశాడు. ఈ సంగతులన్నీ భారతికి తర్వాత తెలిసినవి.

ఆమె వెళ్లేసరికి నరసింహప్ప మంచం మీద చెమటతో తడిసి ముద్దై, గజగజ వణుకుతున్నాడు. భారతిని ఎగాదిగా చూసి, "ఎవురు నువ్వు? నా గొర్రెల్ని యాడికి తోలకపోతాండావు?" అన్నాడు.

"గాలి సోకింది" అంది తిమ్మమ్మ.

"గాలీ లేదు, ధూళీ లేదు. ఈమె మాత్రలే మా అన్నను కొట్టినాయి!" అని నల్లప్ప కేకేశాడు. ఆ కేక వీధి చివర దాకా వినిపించింది. ఓబిలేష్ జ్వరంతో పడుకుని ఉంటే, అతని పెండ్లాం మాత్రల అట్ట పట్టుకొచ్చి, "మాకొద్దు తల్లీ" అని భారతి చేతిలో పెట్టి పోయింది. ఇంకో రోగి ఇంటివాళ్లు రాలేదు. అట్టను గోడ మీంచి విసిరారు.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే నలభై నిమిషాలన్నారు. ముదిగుబ్బ ఆసుపత్రి డాక్టర్ లక్ష్మీప్రసన్నకు చేసింది. "జ్వరం మెదడుకెక్కి ఉండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు. ఆయన షుగర్ మనిషి కదా. ఏం తిన్నాడు, ఏం తాగాడు, కనుక్కో" అందామె. షుగర్ చూసే మిషన్ భారతి దగ్గర లేదు.

"ఏమన్నా తాగిచ్చినారా?" అని అడిగింది.

"నీళ్లు తప్ప ఏం లేదు." ముగ్గురూ ఒక్కసారే అన్నారు. ముగ్గురూ నేల చూపులే చూస్తున్నారు.

భారతికి ఏడుపు తన్నుకొచ్చింది. మనిషి కళ్లముందే మసకబారుతున్నాడు. వాళ్లేదో దాస్తున్నారు. ఆ దాపరికం నేర్పింది తన నోరే అని అప్పుడు తోచి, సిగ్గు కూడా వేసింది. తిమ్మమ్మ చేయి పట్టుకుంది.

"పెద్దమ్మా, ఆ పొద్దు నేనట్ల అనింది తప్పు. ఏం తాగిచ్చింటే తాగిచ్చినారు. నేను తిట్టను, రావడమూ మానుకోను. పెద్దనాయన బతకల్ల. చెప్పు."

తిమ్మమ్మ నోరు విప్పింది. "నేలవేము. దినామూ ఒక గ్లాసు."

"అత్తా, నువ్వూనా?" అంది జయంతి.

"నువ్వూనా అంటే ఏమే?"

నల్లప్ప తువ్వాలు దులుపుకుని గొర్రెలను చూసి వస్తానని లేచాడు. వదినె చూసిన చూపుకు మళ్లీ కూర్చుని, కాకరాకు సంగతి చెప్పేశాడు.

"కూడేమన్నా పెట్టినారా?"

"జ్వరమొచ్చినోనికి కూడు పెడతారా? రెండు దినాలు లంఖణమే."

"మరి షుగర్ మాత్ర?"

"అది మాత్రం మానిపీలేదు. ఒక్క పూట కూడా మానగూడదని నువ్వే చెప్తివి కదా" అంది తిమ్మమ్మ, ఈ ఒక్కదానికైనా మెచ్చుకుంటుందేమోనని.

డాక్టర్ ఫోన్లోనే ఉంది. "మింగగలిగితే కూర్చోబెట్టి చక్కెర నీళ్లు పట్టించండి. ఆలస్యం చేయొద్దు!"

చక్కెర డబ్బాకు తిమ్మమ్మ అడ్డం నిలబడింది. "షుగర్ మనిషికి చక్కెరా? సంపుదామనా?" ఐదేళ్లుగా ఆ డబ్బా మీద మొగుడి చెయ్యి పడకుండా కాపలా కాసింది ఆమే మరి. జయంతి అత్తను పక్కకు నెట్టింది. కాపురానికొచ్చాక అదే మొదటిసారి.

గుక్క గుక్కగా తాగించారు. పావుగంటకు నరసింహప్ప చూపు నిలిచింది. అందరినీ పోల్చుకున్నాడు. గ్లాసు అడుగు కూడా నాకి, "ఈ మందు బాగుండాది పాపా. దీన్ని పెట్టుకుని ఆ చేదంతా ఎందుకు తాగిచ్చినారు?" అన్నాడు. తిమ్మమ్మ ఆయన కాళ్ల మీద తల పెట్టి భోరుమంది.

అంబులెన్సులో చూస్తే షుగర్ అప్పటికీ తక్కువే ఉంది. ఆసుపత్రిలో మర్నాటి దాకా ఉంచుకున్నారు. "ఆకురసమని తేలిగ్గా చూడకూడదు. ఇవి కూడా షుగర్ దించేవే. పస్తు ఒకటి, షుగర్ మాత్ర ఒకటి, జ్వరం మాత్రలు, పైన ఇవి. ఏది ఎంత చేసిందో నేనూ చెప్పలేను. ముందే తెలిసుంటే ఆపించేదాన్ని" అంది డాక్టర్. భారతికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, "ఏం తాగుతాండినా నాకు చెప్పండప్పా, తిట్టను" అని చెప్పి వచ్చి అరుగు మీద రిజిస్టరు తెరిచి కూర్చుంది. అంతవరకూ ఊరిని ఆ మాట అడిగినవాళ్లు లేరు. జనం సీసాలతో, చెంబులతో, వేర్ల మూటలతో వచ్చారు. ఓబిలేష్ పెండ్లాం నాలుగు రకాలు చెప్పింది. జ్వరం లేనివాళ్లు కూడా పోయినేడు తాగినవి రాయించారు. మధ్యాహ్నానికి ఏడు పేజీలు నిండాయి.

అప్పుడు డాక్టర్ ఫోన్ చేసి, మిగిలిన ఇద్దరు రోగులూ ఏమేం వేసుకుంటున్నారని అడిగింది.

"మాత్రలు తప్ప అన్నీ తాగుతాండారు మేడం" అని భారతి నిజమే చెప్పింది.