నోటీసులో లేని వాన

ఆ శనివారం పొద్దున వానపాముల మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి యూనివర్సిటీలో తన ల్యాబ్ తలుపులు తెరవాలి, వచ్చినవాళ్లకు వానపాములు నేలను ఎలా గుల్లగా చేస్తాయో చూపించాలి, ఒంటిగంటకల్లా ఇంటికెళ్లి భోంచేయాలి. కిందటిసారి ముగ్గురే వచ్చారు. అందులో ఒకాయన ఫ్యాన్ కోసం వచ్చాడు. "ఈసారీ జనం రాకపోతే ఆపేద్దామమ్మా" అని డిపార్ట్‌మెంట్ హెడ్ గారు మెత్తగానే అన్నారు. పన్నెండేళ్లుగా వానపాములే లోకంగా బతుకుతున్న మేడమ్‌కు ఆ మాట విన్నప్పటినుంచీ అన్నం సయించడంలేదు.

తొమ్మిదిన్నరకు ల్యాబ్‌లో ఉండగా భర్త ఫోన్ చేశాడు.

"ఏమోయ్, మీ నోటీసు నా ఫోన్‌కీ వచ్చింది. మన అలమరలో పెట్టిన డబ్బాలో ఏమున్నాయి?"

"నా వాన..." సరిగ్గా 'వాన' దగ్గరే సిగ్నల్ తెగి మళ్లీ అతుక్కుంది. "...పాములేనండీ!"

"నేను మంచమెక్కాను. అమ్మ బల్లెక్కింది. నువ్వొచ్చేదాకా దిగం!"

మేడమ్ నోటీసు తెరిచి చూసింది. 'పాములను దగ్గరగా చూడండి! చేతిలోకి తీసుకోండి! పిల్లలు ముందు వరసలో!' ఆఫీసుకు పరుగెత్తింది.

"ఇంత ఎండల్లో వాన ఎక్కడిది మేడమ్?" అన్నాడు గుమస్తా. "పొరపాటున పడిందనుకుని నేనే తీసేశాను."

అప్పటికే లైబ్రరీ ఖాళీ అయింది. హెడ్ గారు పాములు పట్టేవాడికి కబురు పెట్టారు. ల్యాబ్ మెట్ల ముందు రెండువందలమంది పోగయ్యారు. సగంమంది పాములను చూడ్డానికి, మిగతా సగం కాటు తిన్నవాళ్లను చూడ్డానికి.

మేడమ్ ల్యాబ్‌లోని వానపాముల డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. "భయపడకండి, ఇవి కరవవు!"

జనం ఒక్కసారిగా పదడుగులు వెనక్కి తగ్గారు. ఆమెను ఆపబోయిన వాచ్‌మన్ కర్ర డబ్బాకు తగిలింది. మూత ఎగిరి, మట్టితోపాటు పాతిక వానపాములు మెట్లమీద పడ్డాయి.

జనం మెడలు చాచి చూశారు. తర్వాత ఒకరు నవ్వారు. ఆపైన అందరూ నవ్వారు.

మేడమ్‌కు ఆ నవ్వు వినపడలేదు. "అయ్యో, ఎండకు చచ్చిపోతాయి!" అంటూ మోకాళ్లమీద కూలబడి ఒక్కొక్కదాన్నీ తడిమట్టిలోకి ఏరుతోంది. కళ్లలో నీళ్లు. నవ్వు దానంతటదే సన్నగిల్లింది.

గుంపులోంచి ఒక ముసలావిడ సీసాతో ముందుకొచ్చింది. "నీళ్లు చల్లనా తల్లీ?" వెనకాలే ఎవరో గొడుగు పట్టారు. ఇంకెవరో వంగి చూసి అడిగారు, "దీనికి తలెటు మేడమ్?"

మేడమ్ ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో మంచమూ బల్లా ఎక్కినవాళ్లను మరిచిపోయి ఆ మెట్లమీదే రెండింటిదాకా చెప్పింది. ఒక్కరూ కదల్లేదు.

"వచ్చేనెల పెద్ద హాలు తీసుకోండమ్మా" అన్నారు హెడ్ గారు.

సంచీ, కొక్కెం పట్టుకుని చివరిదాకా నిలబడి విన్న పాములు పట్టేవాడి దగ్గరికి మేడమ్ నొచ్చుకుంటూ వెళ్లింది. "మిమ్మల్ని అనవసరంగా శ్రమపెట్టాం. ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తారా?"

ఇరవైయేళ్లుగా తాచులను తోకపట్టి లాగిన ఆ మనిషి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దమ్మా. జిగటగా ఉండేవంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం."