విడగొట్టే సెక్షన్

"ఇకమీదట మన గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో పరాయి దేశం వాచీ చెప్పక్కర్లేదు. మన వాచీయే చెబుతుంది!" అని పరిశ్రమల మంత్రిగారు స్మార్ట్ వాచీల ఫ్యాక్టరీకి రిబ్బను కత్తిరిస్తూ ప్రకటించారు. ఆ మాటకి నా గుండె కూడా కాస్త గట్టిగానే కొట్టుకుంది. నేను ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుని. మా ఆవిడకి లోపల కాంట్రాక్టు మీద పని దొరికింది. ఏడాది తిరిగేసరికల్లా ఆడవాళ్ళందర్నీ పర్మనెంట్ చేస్తానని మంత్రిగారు మైకులో మాటిచ్చారు. మా పిల్ల చదువు, మా అత్తగారి మోకాలి ఆపరేషను, ఇంటి పైకప్పు రిపేరు, అన్నీ ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాయి.

మొదటి లారీ నా గేటులోంచే లోపలికి వెళ్ళింది. రూలు ప్రకారం ఒక పెట్టె విప్పి చూశాను. వాచీలు పూర్తిగా తయారై, ఛార్జింగుతో సహా ఉన్నాయి. ఏదో దేశంలో అప్పుడు టైమెంతైందో కూడా చూపిస్తున్నాయి.

"సార్, ఇవి తయారైపోయి వచ్చాయి" అన్నాను మేనేజరుతో.

"అవునయ్యా. విడి భాగాలు తెప్పిస్తే మనవాళ్ళు బిగించడం నేర్చుకునేసరికి ఎలక్షన్లు వచ్చేస్తాయి."

"మరి మనం ఏం తయారుచేస్తాం సార్?"

"ముందు విడి భాగాలు తయారుచేస్తాం" అన్నాడాయన.

అలా పుట్టింది విడగొట్టే సెక్షన్. మా ఆవిడని అందులోనే వేశారు. వాచీని వేడి పలక మీద పెట్టాలి. అద్దం చుట్టూ ఉన్న జిగురు మెత్తబడ్డాక సన్నటి ప్లాస్టిక్ రేకుతో పైకి లేపాలి. బ్యాటరీ, బోర్డు, అడుగున పచ్చలైటు వెలిగి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే సెన్సరు, నీళ్ళు చొరబడకుండా వేసే రబ్బరు రింగు, దేనికదే వేరే ట్రేలో సర్దాలి. గోడకి అవతల బిగించే సెక్షన్. ఆ ట్రేలు అక్కడికి చేరగానే మళ్ళీ వాచీ అవుతుంది, వెనకాల స్వదేశీ ముద్ర పడుతుంది. ఆఫీసు భాషలో మా ఆవిడ చేసే పనిని 'ప్రీ-మాన్యుఫాక్చరింగ్' అన్నారు. గిట్టనివాళ్ళు ఏవో కూస్తారు. ఉన్నదాన్ని ఊడదీసి మళ్ళీ పెట్టించి ఇంతమందికి పని చూపించిన ప్రభుత్వం ఇంకెక్కడుందో పాఠకులే చెప్పాలి.

నెల తిరక్కుండా మంత్రిగారు తనిఖీకి వచ్చారు. లోపలికి దుమ్ము పోకూడదు కాబట్టి టోపీ, తెల్లకోటు తొడుక్కుని, బూట్లు విప్పారు. ఆ బూట్లు పట్టుకుని వెనకాలే నడిచే భాగ్యం నాకు దక్కింది.

"రోజుకెన్ని చేస్తున్నారు?" అన్నారు మంత్రిగారు.

"లారీ ఎన్ని తెస్తే..." అనబోయి మేనేజరు నాలిక్కరుచుకున్నాడు. "డిమాండుని బట్టి సార్."

"డబుల్ చెయ్యి."

"సార్, మెటీరియల్..."

"మెటీరియల్ కాదయ్యా, మనసుండాలి!"

మేనేజరుకి మనసుంది. ఆ వారమే రెండు సెక్షన్ల మధ్య గోడకి ఓ కిటికీ పెట్టించాడు. అవతల బిగించిన వాచీ ఆ కిటికీలోంచి తిన్నగా మా ఆవిడ బల్ల మీదికి వస్తుంది. ఈవిడ విడగొడుతుంది, వాళ్ళు బిగిస్తారు, మళ్ళీ కిటికీ. ఉత్పత్తి రెట్టింపైంది. తర్వాత దానికి రెట్టింపైంది. మంత్రిగారి ఆఫీసులో ఆయన కుర్చీ వెనక గోడ మీది గ్రాఫు కప్పుని తాకితే కప్పు ఎత్తు పెంచారు.

"అంచు మీద గీత పడ్డ వాచీ ఒకటుందండీ. ఇవాళ కూడా నా దగ్గరికే వచ్చింది. మన పిల్ల మొహం కన్నా దాని మొహమే ఎక్కువ చూస్తున్నాను" అంది మా ఆవిడ ఇంటికొచ్చి.

"నోరు మూసుకుని విప్పు. పర్మనెంట్ అయ్యేదాకానే కదా" అన్నాను.

గ్రాఫు చూసిన ఆనందంలో మంత్రిగారు సభ పెట్టించారు. "ఇంత తయారవుతుంటే బయటి వాచీలు రానివ్వడం సిగ్గుచేటు! ఇవాళ్టితో దిగుమతి బంద్!" అన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మేనేజరే. మనిషి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

లారీలు ఆగిపోయాయి. ఉన్న వాచీలేమో ఎన్నిసార్లని విప్పించుకుంటాయి? అద్దాలు పగిలాయి, రింగులు సాగాయి, బ్యాటరీలు ఉబ్బాయి. ఒక్కొక్కటే చెత్తడబ్బాలోకి చేరాయి. గ్రాఫు మాత్రం పెరుగుతూనే ఉంది, దానికి వాచీలతో పనిలేదు. చివరికి ఒక్క వాచీ కూడా మిగలని రోజున మంత్రిగారి ఆఫీసు నుంచి కబురొచ్చింది. వార్షికోత్సవానికి వస్తున్నారు, ఇక్కడి వాచీని వేదిక మీద స్వయంగా చేతికి కట్టుకుంటారు, అది గుండె కొట్టుకోవడం చూపించగానే పర్మనెంట్ ఆర్డర్లు పంచుతారు.

మేనేజరు విడగొట్టే సెక్షన్‌కి వచ్చి అక్షరాలా చేతులు జోడించాడు. "తల్లీ, ఒక్కటి. ఒక్కటంటే ఒక్క వాచీ కావాలి."

"బిగించేవాళ్ళని అడగండి సార్" అంది మా ఆవిడ.

"వాళ్ళకి కొత్త భాగాలు అమర్చడమే వచ్చమ్మా. ఈ చెత్తలో ఏది బతికుందో ఏది చచ్చిందో మీకే తెలుసు."

ఆడవాళ్ళు చెత్తడబ్బా నేలమీద బోర్లించుకుని కూర్చున్నారు. ఒకదాని బోర్డు, ఇంకొకదాని సెన్సరు, ఉబ్బని బ్యాటరీ ఏరారు. రబ్బరు రింగులన్నీ పాడైపోతే, మిక్సీ మూతది తెచ్చి సన్నగా కోసి అమర్చారు. జిగురు ఆరేదాకా ఎవరూ కదల్లేదట. నీళ్ళలో ముంచినా వాచీ చావలేదు.

"వెలిగిందండీ!" అంటూ మా ఆవిడ గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. పెళ్ళయ్యాక ఆవిడ అంత ఆనందంగా ఉండగా నేను చూడలేదు. నాకైతే ఛాతీ పొంగిపోయింది. ఎంతైనా ఆ ఫ్యాక్టరీలో తయారైన మొదటి వాచీ అది.

వార్షికోత్సవం రోజున మా ఆవిడే వేదికెక్కి మంత్రిగారి చేతికి వాచీ కట్టింది. పచ్చలైటు వెలిగింది. ఆయనకీ గుండె ఉందని వాచీ చూపించింది. జనం ఈలలు వేశారు. మంత్రిగారి పీయే ఆర్డర్ల కట్ట విప్పుతున్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి దిగుమతుల నిఘా అధికారి లేచి వేదికెక్కాడు. పెద్దమనిషి, డ్యూటీ విషయంలో మొహమాటం లేదు. వాచీని తిప్పి చూసి, "దీని దిగుమతి బిల్లేదమ్మా?" అన్నాడు.

"లేదు సార్. ఇక్కడే తయారుచేశాం."

"అన్నీ ఇక్కడే తయారవుతాయి. నేనడిగింది బిల్లు."

"ఇది నిజంగా ఇక్కడే తయారుచేశాం సార్!"

అధికారి మొహం చిట్లించాడు. "ఈ ఫ్యాక్టరీలో తయారైన ప్రతి వాచీకీ దిగుమతి బిల్లుంది. దీనికొక్కదానికే లేదంటే దొంగదారిన వచ్చినట్టేగా?"

మంత్రిగారు మేనేజరు వంక చూశారు. మేనేజరు, "నాకేం తెలీదు సార్! ఇక్కడ ఎవరూ వాచీలు తయారుచెయ్యరు సార్!" అని అరిచాడు. ఏడాది మొత్తంలో ఆయన ఆడిన నిజం అదొక్కటే.

మంత్రిగారు వాచీని చేతినుంచి తేలుని విదిలించినట్టు విదిలించారు. పీయే కట్ట మళ్ళీ కట్టేశాడు. విడగొట్టే సెక్షన్‌ని అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. బయటికి వెళ్ళేవాళ్ళ సంచులు వెతకమని నాకు ఆర్డరు. మా ఆవిడ తన సంచి తనే విప్పి నా బల్లమీద పెట్టింది. ఖాళీ క్యారేజీ, దువ్వెన. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. గట్టిగా కేకలేసి ఆ మేనేజరు చొక్కా పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. "సరే, వెళ్ళమ్మా" అన్నాను, మిగతావాళ్ళతో అన్నట్టే.

మర్నాడు పేపర్లో మొదటి పేజీ వార్త: 'వాచీల ఫ్యాక్టరీలో గుట్టుచప్పుడు కాకుండా వాచీల తయారీ. మహిళల ముఠా పట్టివేత.'

సాయంత్రం మేనేజరు నన్ను గదిలోకి పిలిచి స్వీటు పెట్టి, మంత్రిగారి సంతకం ఉన్న కాయితం ఇచ్చాడు. నన్ను పర్మనెంట్ చేశారు. వద్దనాలని నోటిదాకా వచ్చింది. స్వీటు నోట్లో ఉంది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వంటింట్లో కూర తరుగుతోంది. కాయితం గట్టు మీద పెట్టాను. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మెల్లిగా చదువుకుంది.

"నేరస్తుల్ని గేటు దగ్గర పట్టుకున్నందుకు అని రాశారేమిటండీ? మీరెవర్ని పట్టుకున్నారు?"

"నిన్నే" అన్నాను.