బాగుందన్నా

హనుమకొండలో, సెల్‌ఫోన్ల దుకాణం పైఅంతస్తులో నడిచే ఒక వెబ్‌సైట్ల కంపెనీలో నేటి వరకు ఒక్కరి కోడూ తిరస్కరణకు గురికాలేదని సర్వజనులకూ సంతోషంతో తెలియజేయడమైనది. అంటే అక్కడ తప్పులు రాసేవాళ్లు లేరని కాదు. తప్పని మొహం మీద చెప్పేవాళ్లు లేరు.

నియమాలకు మాత్రం లోటు లేదు. ఎవరు ఏ మార్పు చేశారో, ఎవరు చూసి సరేనన్నారో పేర్లతో సహా దాచిపెట్టే గిట్ ఉంది. ఒకరు రాసింది ఇంకొకరు చదివి ఒప్పుకుంటే తప్ప సైటులోకి పోదు. చదివి ఒప్పుకునే గురుతర బాధ్యత భానుచందర్‌ది. తెలివైనవాడు. తప్పును ఇట్టే పట్టేస్తాడు. పట్టి ఊరుకుంటాడు. ఎందుకంటే రాసేది ఓంప్రకాశ్. యజమాని రామలింగానికి స్వయానా బావమరిది, అందరికీ అన్న, భానుచందర్‌కు ఈ ఉద్యోగం ఇప్పించిన మహానుభావుడు. పైగా రోజూ తన టిఫిన్ డబ్బాలోంచి సర్వపిండి తుంచి పెడతాడు. అది తిన్న నోటితో తప్పని ఎలా అంటాడు? అందుకని 'బాగుందన్నా' అని రాసి మీట నొక్కేవాడు.

ఇలా హాయిగా సాగిపోతున్న కాపురంలోకి సింధు అనే కొత్తమ్మాయి వచ్చింది. వచ్చిన పిల్ల ఊరుకుందా? సైటు సరిగ్గా ఉందో లేదో దానంతట అదే పరీక్షించే ప్రోగ్రాములు రాసిపెట్టింది. ఒప్పయితే పచ్చ, తప్పయితే ఎరుపు. వాటికి అన్నీ ఉన్నాయి గానీ, పాపం, మొహమాటం లేదు. రాసింది ఎవరి బావమరిదో కనుక్కోకుండానే ఎర్రబడేవి.

అప్పుడు చేస్తున్నది పత్తి మిల్లుల సైటు. రైతు తన ఊరి పేరు కొడితే, ఏ రోజు ఏ మిల్లుకు పత్తి తేవాలో చెబుతుంది. ఓంప్రకాశ్ దాన్ని మెరుగుపరిచాడు. ఆ మెరుగుతో అది నర్సంపేట రైతులను ఎక్కడో ఉన్న మరిపెడకు పంపేలా తయారైంది. సింధు పరీక్ష భగ్గున ఎర్రబడింది. ఓంప్రకాశ్ అలిగి ఆ మధ్యాహ్నం సర్వపిండి ఒక్కడే తిన్నాడు. ఆఫీసంతా చావు ఇల్లులా అయింది.

రామలింగం హుటాహుటిన సమావేశం పెట్టి ప్రసంగించాడు.

"చూడమ్మా సింధూ, టెస్టింగ్ మంచిదే. ఎవలు కాదన్నరు? కానీ మనోళ్లు, బయటోళ్లు అని జర చూస్కోవాలె గదా! ఇంట్ల మనిషిని పట్టుకొని ఎర్రగ సూపిస్తే ఎట్ల? ఇది కంపెనీ కాదమ్మా, ఫ్యామిలీ."

అందరూ చప్పట్లు కొట్టారు. సదరు పరీక్షకు గౌరవప్రదంగా విశ్రాంతి ఇవ్వడమైనది. మిగిలినవన్నీ కళకళలాడుతూ పచ్చగా వెలిగాయి.

"భానన్నా, నువ్వన్న చెప్పు. అది తప్పా, కాదా?" అంది సింధు.

భానుచందర్ నోరు తెరిచాడు. అంతలో వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

"ఎట్లుందిరా తమ్మీ, నా కోడ్?"

"బాగుందన్నా," అని మీట నొక్కాడు. మార్పు సైటులోకి పోయింది.

మర్నాడు పొద్దున ఆఫీసులో ఉండగా భానుచందర్‌కు ఫోన్ వచ్చింది. నర్సంపేట పక్క ఊళ్లో పత్తి పండించే తండ్రి రాజమల్లు.

"బిడ్డా, ట్రాక్టర్ల పత్తి నింపిన. ఫోన్ల చూస్తే మరిపెడ పొమ్మంటాంది. మన మిల్లు ఇక్కడనే ఉండె గదా! మొగులు గూడ అయితాంది, వానొచ్చేటట్టుంది. ఏం జెయ్యాలె?"

గిట్ గొప్పతనమేమిటంటే, ఒక్క మీట నొక్కితే నిన్నటి మంచి సైటు తిరిగొస్తుంది. భానుచందర్ మీట మీద వేలు పెట్టాడు కూడా. కానీ నొక్కితే, 'ఓంప్రకాశ్ చేసిన మార్పును భానుచందర్ రద్దు చేశాడు' అని ఆచంద్రార్కం నిలిచిపోతుంది. ఎదురుగా ఓంప్రకాశ్ అలక మాని, డబ్బా మూత తీస్తూ, "రారా తమ్మీ" అంటున్నాడు.

"మరిపెడకే పో బాపూ. సైటు చెప్పిందంటే ఏదో ఉంటది," అన్నాడు భానుచందర్.

ఫోన్ పెట్టేసి, ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు. అనుకుని ఇంకో ముక్క తీసుకున్నాడు.

దారిలో వాన దంచికొట్టింది. తడిసిన పత్తి మాకొద్దని మరిపెడ మిల్లువాళ్లు తిప్పి పంపారు. రాత్రి భానుచందర్ ఊరికి పోయేసరికి ఏడాది కష్టమంతా వాకిట్లో ముద్దలు ముద్దలుగా పడి ఉంది. చూసి ఏడుపొచ్చింది.

"నన్ను తిట్టవేంది బాపూ?"

"ఎందుకు తిడ్త బిడ్డా? మిల్లుకాడ, సైటు ఎట్లుందని అడిగిండ్లు. మా పిలగాడు పనిచేసే కంపెనీదే, మస్తుగుందని చెప్పిన. అడిగినంక మొఖం మీద బాలేదని ఎట్లంటం?"

ఆ మాట రామలింగం దాకా పోయింది. 'సైటు మస్తుగుంది: రాజమల్లు, రైతు' అని అద్దాల ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. ఓంప్రకాశ్‌కు శాలువా కప్పారు. కప్పింది భానుచందరే. సింధు ఉద్యోగం మానేసింది. వీడ్కోలు సభలో రెండు ముక్కలు మాట్లాడమంటే, "ఇక్కడ చాలా నేర్చుకున్న, అందరు మంచిగ చూసుకున్నరు" అని దండం పెట్టింది.

ఈ కథను అచ్చుకు పంపే ముందు నలుగురికి చదివి వినిపించాం. నలుగురూ బాగుందన్నారు. అందులో ఒకాయన కునుకులోంచే అన్నాడు. ఇక మిమ్మల్ని అడిగే పని లేదు. రేపు బజార్లో మేం ఎదురుపడితే మీరేమంటారో మాకు తెలుసు.