పీకిన పూటే విజయం

పన్ను పీకిన పూటే ఆ గుంటలో కొత్త పన్ను నాటి, ఆ పూటే దానిని విజయంగా ప్రకటించే దంతవైద్యశాల తమ వీధిలోనే ఉండడం అక్కడివారు చేసుకున్న పుణ్యం. వైఫల్యానికి అక్కడ వ్యవధి ఇవ్వరు. రోగి కుర్చీ దిగి అద్దంలో నవ్వుకోగానే ఫోటో తీసి ‘విజేతలు’ అనే గోడకు తగిలిస్తారు. తగిలించిన ఫోటోను దించే ఆచారం లేదు.

సభలకు వ్యాఖ్యానం చెప్పి బతికే పెద్దమనిషికి ముందుపన్ను విరిగింది. పన్ను లేని నోటికి మైకు ఇచ్చేదెవరు?

“పుండు మానాక పెట్టించుకోవచ్చట. కొన్నాళ్ళు ఆగరాదూ?” అంది భార్య.

“అందాకా ఈల వేసుకుంటూ సభలు నడపమంటావా?”

ఆ పూటే పీకించుకుని, ఆ పూటే దవడలో కొత్త పంటి స్క్రూ బిగించుకుని, ఆ పూటే గోడెక్కాడు. ఎముక పట్టు చిక్కేదాకా ఆ పంటితో ఏమీ కొరకవద్దన్న హెచ్చరిక అభినందనల హోరులో ఆయనకు వినిపించలేదు. ఇంటికొచ్చిన వారందరికీ ఆపిల్ కొరికి చూపించాడు.

కొన్నాళ్ళకు నాలుక తగిలినప్పుడల్లా పన్ను వినయంగా తల ఊపసాగింది. వైద్యశాలకు ఫోన్ చేశాడు.

“ఊగడానికి వీల్లేదండీ. మీ ఫోటో గోడమీదే ఉంది,” అంది రిసెప్షనిస్టు.

“పన్ను నా నోట్లో ఉందమ్మా!”

“అది మీ వైపు సమస్య సార్. మా వైపు గట్టిగానే ఉంది.”

“ఆ గోడకు కొట్టిన మేకేదో మీ దవడకే కొట్టాల్సింది,” అంది భార్య.

ఇంతలో వైద్యశాల విజయోత్సవం వచ్చింది. వ్యాఖ్యానం ఆయనదే. కాదంటే సంగతి బయటపడుతుంది. బయటపడితే మైకు పోతుంది. వెళ్ళాడు. విజేతలందరూ వచ్చారు.

“సోదర సోదరీమణులారా!” అని డాక్టరు గర్జించాడు. “తిరిగి రాని రోగులను స్వస్థులుగా పరిగణించాను. తిరిగి వచ్చినవారిని అభిమానులుగా పరిగణించాను. వైఫల్యం ఎక్కడ?”

వందన సమర్పణకు వ్యాఖ్యాత లేచాడు. “ఈ చారిత్రక...” అనేసరికి పన్ను స్క్రూతో సహా ఎగిరి మైకుకు తగిలి టంగుమంది. ఆయన ఠక్కున నోటికి చేయి అడ్డం పెట్టుకుని, బతుకు తెల్లారిందనుకుంటూ సభికులవైపు చూశాడు. ఒక్కరూ నవ్వలేదు. అప్పుడు గమనించాడు: ఆ సభలో మొదటినుంచీ చప్పట్లే లేవు. విజేతలందరూ ఒక చేత్తో నోరు కప్పుకుని, రెండో చేత్తో కుర్చీలు చరుస్తున్నారు.

ఆయనకు ప్రాణం లేచివచ్చింది. “...విజయం!” అని చేయి తీయకుండానే వాక్యం ముగించాడు. కుర్చీలు మారుమోగాయి. మర్నాటి సభకూ ఆయననే పిలిచారు.

ఇది చదివి నవ్వుతున్న పాఠకులు తమ చేయి ఎక్కడుందో ఒకసారి చూసుకోవలసిందిగా మనవి.