ఎర్ర దారం కట్టిన పాయలకూర

వీధిలో అందరూ దర్జీ అత్తయ్య అని పిలిచే ఆవిడ ఆ పొద్దున అనుకున్నది చిన్న పనే. ఇంటి యజమానురాలు మధ్యాహ్నం భోజనానికి వస్తుంది. ఆమెకు కడుపునిండా పెట్టి, కొట్టు నడుపుకుంటున్న వీధిగదిని ఇంకో ఏడాది తమకే ఉంచమని అడగాలి. పక్కవీధి రొట్టెలాయన ఆ గదిలో పొయ్యి పెట్టుకుంటానని ఆమె వెంట పడుతున్నాడు మరి. గది పోతే కుట్టుమిషను నెత్తిన పెట్టుకు తిరగాల్సిందే.

ఇక అత్తయ్య మొగుడి సంగతి. గడియారాలు బాగుచేస్తాడు, బంగారంలాంటి మనిషి. కాకపోతే ఒక కాలికి ఎర్ర మేజోడు, ఇంకో కాలికి ఆకుపచ్చ మేజోడు తొడుక్కుని బయల్దేరతాడు. పరధ్యానం అనుకుని అత్తయ్య తిట్టితిట్టి వదిలేసింది. ఈమధ్య ఆయనకు తమంతట తామే మొలిచే ఆకుకూరల మీద మనసు పోయింది. ఎవరో నేర్పుతుంటే వెళ్ళి కూర్చుని, ముందుగా పాయలకూరను గుర్తుపట్టడం నేర్చుకొచ్చాడు. నేలకంటుకుని పాకుతుంది, కాడ ఎర్రగా, ఆకు దళసరిగా ఉంటుంది. దాని పక్కనే అలాగే పాకే పాడు మొక్క ఇంకోటి ఉంటుంది. తుంచితే పాలు కారతాయి, దాన్ని నోట పెట్టకూడదు. పెరట్లో రెండూ కలిసిమెలిసి పెరిగాయి. ఆయన ఒక్కో కొమ్మా తుంచి చూసి, భార్య దారాల పెట్టె తీసుకుని, మంచివాటికి ఆకుపచ్చ, పాడువాటికి ఎరుపు అనుకుని కట్టుకొచ్చాడు.

దారాలు కట్టానని, చూసి కోసుకోమని చెప్పి ఆయన యజమానురాలిని తీసుకురావడానికి వెళ్ళాడు. ఏ రంగువి కొయ్యాలో చెప్పలేదు. ఎరుపంటే ఆగమని లోకమంతటికీ తెలుసుకదా అనుకున్నాడు. అత్తయ్య కొట్టులో లోకం వేరు. అక్కడ ఎర్ర దారం కట్టిన మూటంటే పని అయిపోయింది, ఇచ్చేయొచ్చు అని. ఆకుపచ్చ దారముంటే ఇంకా గుండీలు కుట్టాలి. ఆవిడ ఎర్ర దారం కట్టినవన్నీ కోసి, కడిగి, ఉప్పూ నిమ్మరసం కలిపి బల్ల మీద పెట్టింది.

పాలు కారే మొక్క గురించి దారి పొడుగునా పాఠం విన్న యజమానురాలు ఆకలి మీద ఉంది. ఆకులు మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంది.

"పుల్లపుల్లగా భలే ఉంది అమ్మాయ్."

"ఎర్ర దారం కట్టినవి ఒక్కటీ వదల్లేదండీ" అంది అత్తయ్య మురిసిపోతూ.

ఆయన చేతిలోంచి చెంచా జారిపోయింది. "అవి తినకూడనివే" అన్నాడు.

ఇక చూడండి. యజమానురాలిని గుడ్డలు కత్తిరించే బల్ల మీద పడుకోబెట్టారు. చలి పుట్టకుండా ఎవరిదో సగం కుట్టిన కోటు కప్పారు. ఆయన బండి కోసం వీధిలోకి పరుగెత్తి, ఎదురైనవాళ్ళకల్లా యజమానురాలికి ఒంట్లో బాగాలేదని చెప్పాడు. ఆ కబురు మలుపు తిరిగేసరికి ఆమెకు స్పృహ లేదన్నారు. ఆ పై వీధిలో ఆమే లేదన్నారు. అత్తయ్య మంచినీళ్ళకని లోపలికి వెళ్ళినప్పుడు రొట్టెలాయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. కోటు కింద కదలని మనిషికి దణ్ణం పెట్టాడు. తర్వాత జేబులోంచి టేపు తీసి, చప్పుడు కాకుండా గోడ కొలవడం మొదలుపెట్టాడు.

"పొయ్యి ఆ మూలకా, ఈ మూలకా నాయనా?" అంది కోటు కింద నుంచి యజమానురాలు.

రొట్టెలాయన వెళ్ళిన వేగానికి గుమ్మం తెర ఊడిపోయింది.

ఆమె లేచి కూర్చుని, తనకు ఆకలి తప్ప ఏ నొప్పీ లేదని, మిగిలిన కాడ ఒకటి తెమ్మని అడిగింది. అప్పటికి బండితో తిరిగొచ్చిన ఆయన చూస్తుండగా పుటుక్కున తుంచింది. పాలు రాలేదు. అందరూ పెరట్లోకి నడిచారు. ఆకుపచ్చ దారం కట్టిన మొక్కను తుంచితే తెల్లటి పాలు బొట్లు బొట్లుగా కారాయి.

అత్తయ్య దారాన్ని చూసింది, మొగుడి మేజోళ్ళు చూసింది. కోసినప్పుడు విప్పిన ఎర్ర దారం ఒకటి పైకెత్తింది.

"ఏమండీ, ఇది ఏ రంగు?"

"ఆకుపచ్చ. ఎందుకు?"

యజమానురాలు పొట్ట పట్టుకుని నవ్వింది, ఈసారి నిజంగానే నొప్పి పుట్టేదాకా. ఇన్నేళ్ళూ ఊరికే తిట్టానని అత్తయ్య ఆయన పళ్ళెంలో ఆకులు ఇంకాసిని వేసింది.

గది అత్తయ్యకే ఉండిపోయింది. రొట్టెలాయన టేపు కూడా.